బల్ల పగిలినా, ఊగినా ముందు చెక్క తడి చూడండి

మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలోని మా సిరొంచ చుట్టుపక్కల మంచి టేకు దొరుకుతుంది. 2023లో అయోధ్య గుడి తలుపుల కోసం వెళ్లింది కూడా మా చంద్రపూర్, గడ్చిరోలి అడవుల టేకే. అంతటి టేకుతో చేసినా, పచ్చి పలక అయితే బల్ల నిలవదు. కింద చెప్పేవన్నీ నాలుగడుగుల పొడవు, 12 అంగుళాల వెడల్పు, ఒకటిన్నర అంగుళం మందం పలకతో చేసే, కూర్చునే మామూలు బల్ల గురించి.

పలక మధ్యలో చీలింది

వానాకాలంలో నేనొక బల్ల చేశాను. పలక బాగా ఎండిందని కోత మిల్లులో చెబితే నమ్మాను. అడుగున రెండు అడ్డపట్టీలు పెట్టి, గట్టిగా ఉండాలని మేకులు దట్టంగా కొట్టాను. మే నెల ఎండలకు పలక నడిమధ్య రూపాయి బిళ్ల నిలువుగా దూరేంత చీలిక వచ్చింది. మా వీధి వడ్లాయన బల్ల తిరగేసి చూసి, "రెండు పక్కలా మేకులు కొడితే చెక్క ఎటు పోతది బిడ్డా?" అన్నాడు.

కారణం ఇదే. ఎండేటప్పుడు చెక్క పొడవులో దాదాపు తగ్గదు, వెడల్పులో మాత్రం తగ్గుతుంది. 12 అంగుళాల టేకు పలక తడి 20 శాతం నుంచి 10 శాతానికి దిగితే పావు అంగుళం దాకా కుంచించుకుపోవచ్చు. మేకులు కదలనివ్వకపోతే అది చీలుతుంది.

మేకులు పీకేసి స్క్రూలు వాడండి. పట్టీ మధ్యలో ఒక స్క్రూ బిగించండి. రెండు చివర్ల రంధ్రాలను పలక వెడల్పు వైపుగా కొంచెం పొడుగ్గా తొలిచి, వాషర్ వేసి, మరీ బిగించకుండా వదలండి. చీలికలోకి ఫెవికాల్ ఎక్కించి, పలక చుట్టూ తాడు కట్టి కర్రతో మెలితిప్పి ఒక రోజు ఉంచండి. చీలికలో దుమ్ము పేరుకుని ఉంటే జిగురు పట్టదు. అప్పుడు చీలిక వెంబడి పలకను రెండుగా కోసి, అంచులు చిత్రిక పట్టి అతికించడమే మేలు.

ఇంకోసారి పలక కొన్నప్పుడు కిరాణా కొట్టు కాటా మీద తూచి, బరువును సుద్దతో దాని మీదే రాయండి. నీడలో, నేలకు తగలకుండా బద్దల మీద పేర్చి, వారానికోసారి తూచండి. బరువు తగ్గడం ఆగిందంటే మీ ఊరి గాలికి ఎంత ఎండాలో అంత ఎండినట్టే. అంగుళం మందానికి ఏడాది పడుతుందని లెక్క. తొందరపడి ఎండలో పెడితే చివర్లు పగులుతాయి, అందుకే కోసిన చివర్లకు పాత పెయింటో మైనమో పూయాలి.

పలక దోనెలా వంగింది

రెండు ముఖాలు సమానంగా ఎండలేదు. లోతుగా ఉన్న వైపు తడి గడ్డి మీద బోర్లించి, ఉబ్బిన వైపు ఎండ తగలనివ్వండి. కొన్ని గంటల్లో సర్దుకోవచ్చు, గంటకోసారి చూస్తుండాలి. అలా సర్దుకోకపోతే చిత్రిక పట్టక తప్పదు.

బల్ల ఊగుతోంది

ముందు బల్లను ఉన్నచోటే తిప్పి పెట్టండి. తిప్పినా అదే కాలు లేస్తే తప్పు కాలిది, వేరే కాలు లేస్తే నేలది. కాలిదైతే చదునైన గచ్చు మీద పెట్టి, పొట్టి కాలి కింద అట్టముక్కలు దోపి నిలకడగా చేయండి. ఒక చిన్న చెక్కముక్క మీద పెన్సిల్ ఆనించి నాలుగు కాళ్ల చుట్టూ గీత గీసి, గీత దగ్గర కోయండి. ఒక్కో కాలూ అందాజుగా కోసుకుంటూ పోతే బల్ల పీటైపోతుంది.

కాళ్లు నేలకు ఆనుకునే ఉన్నా పక్కకు ఊగితే కాళ్లు పలకలో దిగే అతుకులు వదులయ్యాయని అర్థం. కాలి చివర కుసి, అంటే పలక బెజ్జంలో దిగే మొన, ఎండి సన్నబడుతుంది. పాత జిగురు గీకేసి, కుసికి పలచటి టేకు పొరను అతికించి, బెజ్జంలో బిగుతుగా దిగేలా చెక్కండి. కాళ్ల మధ్య ఒక అడ్డకర్ర వేస్తే ఇక ఊగదు.

కూర్చుంటే పలక కిందికి వంగుతోంది

పలక పలచన. అంగుళం పలక కంటే అంగుళంన్నర పలక మూడు రెట్లకు పైగా బిర్రుగా ఉంటుంది. మార్చలేకపోతే అడుగున పొడవునా ఒక పట్టీని నిలువుగా బిగించండి.

పొడి రాలుతోంది

పురుగు మాను బయటివైపుండే తెల్ల చెక్కను తింటుంది, లోపలి ముదురు రంగు చేవ జోలికి పెద్దగా రాదు. తెల్ల భాగం చెక్కేసిన పలకే తీసుకోండి.

నూనె జిగటగా ఉంది

అవిసె నూనె ఎక్కువ పూశారు. పావుగంట తర్వాత పొడి గుడ్డతో పూర్తిగా తుడిచేయాలి. ఆ గుడ్డలను ఉండచుట్టి మూల పడేయకండి, వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. ఆరుబయట విడివిడిగా పరిచి ఆరనివ్వండి.