వైకల్యం, సామాజిక సమ్మిళితత్వంపై విదేశంలో డాక్టరేట్ పరిశోధన: కొత్తగా వచ్చినవారికి సూచనలు

వైకల్యం, సామాజిక సమ్మిళితత్వం మీద పరిశోధనకు మరో దేశం వెళ్లినవారు మొదటి నెలల్లో చాలామటుకు గ్రంథాలయానికే పరిమితమవుతారు. సీటు తెచ్చిపెట్టిన ప్రతిపాదన ఎలాగూ చేతిలో ఉంది కనుక, చదవవలసినవి చదివి ప్రశ్నావళి తయారుచేసుకుంటే సరిపోతుందనిపిస్తుంది. ఈ రంగంలో అలా మొదలుపెట్టడం వల్ల నష్టమే ఎక్కువ. వచ్చిన దేశంలో ఎవరిని వైకల్యం ఉన్న వ్యక్తిగా లెక్కిస్తారు, ఆ లెక్క తేల్చేది ఎవరు అన్నది తెలియనంతవరకు ప్రశ్నావళి జోలికి వెళ్లవద్దని నా గట్టి అభిప్రాయం.

ఈ లెక్క దేశానికో తీరుగా ఉంటుంది. భారతదేశంలో 2016 నాటి చట్టం 21 రకాల వైకల్యాలను పేర్కొని, రిజర్వేషన్ వంటి ప్రయోజనాలకు కనీసం 40 శాతం వైకల్యం ఉన్నట్టు ధ్రువపత్రం అడుగుతుంది. జర్మనీలో వైకల్య స్థాయిని 20 నుంచి 100 వరకు పదేసి అంకెల తేడాతో నిర్ధారిస్తారు. 50, ఆపైన ఉన్నవారిని తీవ్ర వైకల్యం ఉన్నవారిగా గుర్తిస్తారు. ఇంగ్లండ్, స్కాట్లాండ్, వేల్స్‌లో అమలయ్యే 2010 నాటి సమానత్వ చట్టంలో శాతాల ఊసే లేదు. రోజువారీ పనుల మీద గణనీయమైన ప్రభావం ఉందా, అది 12 నెలలో అంతకంటే ఎక్కువో ఉంటుందా అని మాత్రమే చూస్తారు. క్యాన్సర్, హెచ్‌ఐవీ ఉన్నవారికైతే నిర్ధారణ జరిగిన రోజు నుంచే రక్షణ వర్తిస్తుంది. అమెరికాలో 1990 నాటి చట్టం ఇంకో అడుగు ముందుకు వేసి, వైకల్యం లేకపోయినా ఉందనుకొని ఎవరైనా వివక్ష చూపితే ఆ వ్యక్తికీ రక్షణ ఇస్తుంది. ఒకే మనిషి ఒక దేశంలో లెక్కలోకి వచ్చి, సరిహద్దు దాటగానే లెక్కలో లేకుండా పోవచ్చునన్నమాట. మీరు రెండు దేశాలను పోల్చే అంశం ఎంచుకున్నట్లయితే, ఈ తేడాను ఒక పాదసూచికలో పెట్టి వదిలేయకుండా మొదటి అధ్యాయంలోనే తేల్చుకోవాలి.

గణాంకాల విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. రెండు దేశాల జనగణనల్లోని వైకల్య శాతాలను పక్కపక్కన పెట్టి ఒకచోట ఎక్కువ, ఇంకొకచోట తక్కువ అని రాసేయడం కొత్తవారి సిద్ధాంత గ్రంథాల్లో తరచూ కనిపిస్తుంది. ఆ రెండుచోట్లా అడిగిన ప్రశ్నలేమిటో ముందు చూడండి. మీకు వైకల్యం ఉందా అని సూటిగా అడిగితే, అవమానభయం వల్లనో, ఇది వయసుతో వచ్చిన ఇబ్బందే కదా అనుకోవడం వల్లనో, లేదని చెప్పేవారు చాలామంది ఉంటారు. అందుకే వైకల్య గణాంకాల మీద పనిచేసే అంతర్జాతీయ బృందం వాషింగ్టన్ గ్రూప్ రూపొందించిన సంక్షిప్త ప్రశ్నావళిలోని ప్రశ్నల్లో ఆ మాటే రాదు. చూడటం, వినడం, నడవడం లేదా మెట్లెక్కడం, గుర్తుంచుకోవడం లేదా ఏకాగ్రత, స్నానం చేసి బట్టలు వేసుకోవడం వంటి సొంత పనులు, ఇతరులతో సంభాషించడం అనే ఆరు విషయాల్లో ఎంత కష్టముందని అడిగి, ఇబ్బంది లేదు, కొంత ఇబ్బంది, చాలా ఇబ్బంది, అసలు చేయలేను అనే నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకోమంటారు. ఏ ఒక్కదానికైనా చివరి రెండు జవాబుల్లో ఒకటి వస్తే ఆ వ్యక్తిని లెక్కలోకి తీసుకుంటారు. దీనికీ పరిమితులున్నాయి: కుంగుబాటు, తీవ్ర ఆందోళన వంటి మానసిక స్థితులు ఈ ఆరు ప్రశ్నలకు సరిగా చిక్కవు, చిన్నపిల్లల విషయంలో ఇవి పనికిరావు. పిల్లల కోసం యునిసెఫ్‌తో కలిసి తయారుచేసిన ప్రశ్నావళి వేరే ఉంది.

వైకల్యం ఉన్నవారి హక్కులపై ఐక్యరాజ్యసమితి చేసిన ఒడంబడిక పాఠాన్ని వ్యాఖ్యానాల ద్వారా కాకుండా నేరుగా చదవండి. 2006 డిసెంబరులో ఆమోదం పొంది 2008 మేలో అమల్లోకి వచ్చిన ఈ ఒడంబడిక మీద అమెరికా సంతకం చేసింది గాని ధ్రువీకరించలేదు. కాబట్టి అక్కడ చేరినవారు ఒడంబడికను ప్రభుత్వ బాధ్యతగా చూపి వాదించలేరు, దేశీయ చట్టాల మీదనే నిలబడాలి. ధ్రువీకరించిన దేశాల్లో ప్రభుత్వం ఐక్యరాజ్యసమితికి సమర్పించిన నివేదికతో పాటు, వైకల్యం ఉన్నవారి సంఘాలు విడిగా పంపిన నివేదికలూ దొరుకుతాయి. ఆ రెండింటి మధ్య అంతరంలోనే మంచి పరిశోధనాంశాలు కనిపిస్తాయి.

ఆ సంఘాల దగ్గరకు వెళ్లేటప్పుడు ఒక తేడా గుర్తుంచుకోవాలి. వైకల్యం ఉన్నవారి కోసం ఇతరులు నడిపే సేవా సంస్థలు వేరు, వైకల్యం ఉన్నవారే సభ్యులై తామే నిర్ణయాలు తీసుకునే సంఘాలు వేరు. ఒడంబడిక అమలును పర్యవేక్షించే కమిటీ 2018లో ఈ రెండింటినీ స్పష్టంగా వేరుచేసి చెప్పింది. కొత్తవారికి మొదట తారసపడేవి సేవా సంస్థలే, ఎందుకంటే వాటికి కార్యాలయాలు, సిబ్బంది, విశ్వవిద్యాలయంతో పరిచయాలు ఉంటాయి. వాటి ద్వారా మాత్రమే మనుషులను కలిస్తే, ఆ సేవల మీద ఫిర్యాదు ఉన్నవారు మీ ముందు నోరు విప్పరు. రెండో రకం సంఘాల సమావేశాలకు ప్రశ్నలేవీ పట్టుకుపోకుండా కొంతకాలం వెళ్లి వినండి, వారికి అవసరమైన పని ఏదైనా ఉంటే చేసిపెట్టండి. వారితో సలహా బృందం ఏర్పాటు చేసుకోదలిస్తే, పరిశోధన నైతికతను పరిశీలించి అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీకి దరఖాస్తు పెట్టకముందే చేయాలి. ప్రశ్నలన్నీ ఖరారయ్యాక అభిప్రాయం అడగడం వారిని గౌరవించినట్టు కాదు.

ఎథిక్స్ దరఖాస్తుకు మీరు ఊహించినదానికంటే ఎక్కువ సమయం పడుతుంది. మేధోపరమైన వైకల్యం ఉన్నవారి తరఫున సంరక్షకుల సంతకం తీసుకుంటే చాలుననే అలవాటు చాలాచోట్ల ఇంకా ఉంది. కాని ఒడంబడికలోని 12వ అధికరణం చట్టం ముందు వారి నిర్ణయాధికారాన్ని ఇతరులతో సమానంగా గుర్తిస్తూ, ఆ నిర్ణయానికి కావలసిన తోడ్పాటు ఇవ్వమంటుంది. అందువల్ల స్థానిక చట్టం సంరక్షకుల సంతకం తప్పనిసరి చేసినా, ఆ వ్యక్తి సమ్మతిని విడిగా అడగాలి. సమ్మతి పత్రంలో ఒక్కో వాక్యానికి ఒక్కో విషయమే ఉంచి, అక్షరాలు పెద్దవి చేసి, పక్కన బొమ్మలు పెట్టి, చదివి వినిపించి, ఇంటికి తీసుకెళ్లి ఆలోచించుకునే వ్యవధి ఇవ్వండి. మాటల్లో ఒప్పుకున్నా, మధ్యలో ముఖం తిప్పుకోవడం, లేచి నిలబడటం వంటివి కనబడితే అక్కడితో ఆపాలి.

బధిరులతో ఇంటర్వ్యూలు చేసేవారు సంకేత భాష ప్రపంచమంతటా ఒకటేనన్న భ్రమలో ఉండకూడదు. అమెరికా, బ్రిటన్ రెండుచోట్లా ఇంగ్లీషే మాట్లాడినా వారి సంకేత భాషలు పూర్తిగా వేరు. చేతివేళ్లతో అక్షరాలు చూపేటప్పుడు బ్రిటన్‌లో రెండు చేతులూ వాడితే అమెరికాలో ఒక్క చేయే వాడతారు. అర్హత ఉన్న దుభాషులను చాలా ముందుగా మాట్లాడుకోవాలి. సుదీర్ఘ ఇంటర్వ్యూకు ఇద్దరు కావాలి, ఎందుకంటే కొద్ది నిమిషాలకొకసారి వారు వంతులు మార్చుకోకపోతే అలసట వల్ల అనువాదం దెబ్బతింటుంది. మీ చూపు దుభాషి మీద కాకుండా మీతో మాట్లాడుతున్న వ్యక్తి మీద ఉండాలి. కిటికీని మీ వెనక ఉంచుకుని కూర్చుంటే వెలుతురుకు ఎదురుగా మీ ముఖం వారికి కనబడదు. ఈ ఖర్చులన్నీ మొదటి సంవత్సరం బడ్జెట్‌లోనే చూపించి సూపర్‌వైజర్‌తో మాట్లాడి పెట్టుకోండి.

మీకే వైకల్యం ఉన్నట్లయితే, విశ్వవిద్యాలయంలోని వైకల్య సహాయ విభాగానికి బయలుదేరకముందే రాయడం మంచిది. ధ్రువపత్రాలకు అనువాదం అడుగుతారేమో కూడా అప్పుడే తెలుసుకోవచ్చు. మోటారు వీల్‌చైర్ ఛార్జర్ మీద రాసి ఉన్న వోల్టేజీ చూడండి, 230 వోల్టులకు మాత్రమే తయారైనది అమెరికాలోని 120 వోల్టుల సరఫరా మీద సరిగా పనిచేయదు. తెర మీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ వాడేవారు, స్కాన్ చేసిన పాత పుస్తకాలకు చదవదగిన ప్రతులు గ్రంథాలయాన్ని అడగవచ్చు. 2013 నాటి మరాకేష్ ఒప్పందం అలాంటి ప్రతులు ఒప్పందంలో చేరిన దేశాల మధ్య సరిహద్దులు దాటడానికి వీలు కల్పించింది. ఆరోగ్య కారణాలతో పరిశోధనకు విరామం తీసుకోవలసి వస్తే దాని ప్రభావం వీసా మీద పడవచ్చు కనుక, దరఖాస్తు పెట్టకముందే అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంలో కనుక్కోండి.

ఫలితాలను పాల్గొన్నవారికి అందించే పనిని పట్టా వచ్చాక చూసుకుందామని వాయిదా వేయకండి. ముసాయిదా దశలోనే సులభ వాక్యాల్లో సారాంశం, సంకేత భాషలో వీడియో, ఆడియో ప్రతి తయారుచేసి వారి ముందు పెట్టి, అభ్యంతరాలు చెప్పడానికి తగిన వ్యవధి ఇవ్వండి. వారు ఒప్పుకోని వ్యాఖ్యానం ఏదైనా మీకు సరైనదేననిపిస్తే, వారి అభ్యంతరాన్ని కూడా వారి మాటల్లోనే సిద్ధాంత గ్రంథంలో నమోదు చేయండి.