ఇమేజ్‌జే మాక్రోతో కొలతల పట్టిక నింపే ముందు

ఇమేజ్‌జే చిత్రాలను కొలిచే సాఫ్ట్‌వేర్; అందులో పనులను వరుసగా, తానుగా చేయించే చిన్న ఆదేశాల జాబితాయే మాక్రో. పాత ఫలితాలను భద్రపరచి పట్టికను ఖాళీ చేశాకే మాక్రో నడపాలి. లేకుంటే కొత్త వరుసలు పాతవాటి కిందే చేరతాయి. ఏమేం కొలవాలో ఎంచుకునే 'సెట్ మెజర్‌మెంట్స్' కిటికీలో 'డిస్‌ప్లే లేబుల్' ఎంచుకుంటే ప్రతి కొలత పక్కన చిత్రం పేరు కూడా నమోదవుతుంది.

స్కేలును, అంటే ఎన్ని పిక్సెళ్లు ఎంత అసలు పొడవుకు సమానమో చెప్పే అమరికను, ప్రతి చిత్రానికీ విడిగా సరిచూడాలి. స్కేలు లేని చిత్రంలో వైశాల్యం పిక్సెళ్లలోనే వస్తుంది. చదరపు మైక్రాన్ల అంకెల నడుమ, అదే నిలువు వరుసలో అది చేరిపోయినా ఏ హెచ్చరికా రాదు, అసలు ప్రమాదమంతా ఇక్కడే ఉంది. స్కేలు అమర్చే కిటికీలో 'గ్లోబల్' గుర్తు పెట్టి ఉంటే తెరిచిన చిత్రాలన్నింటికీ ఒకే స్కేలు వర్తిస్తుంది కనుక, 10 రెట్ల, 40 రెట్ల లెన్సులతో తీసినవి కలిసి ఉన్నప్పుడు ఆ గుర్తును తీసివేయడం మేలు.

తెరపై 1 అని కనిపించే వరుస మాక్రోకు 0. వరుసలు తొలగించాల్సివస్తే చివరి నుంచి పైకి రావాలి. పైనుంచి మొదలుపెడితే కిందివి జరిగి కొన్ని తప్పిపోతాయి.