ట్యాంకులోకి మనిషిని దింపే ముందు

ఫార్మా కంపెనీల్లో రియాక్టరో (రసాయన చర్య జరిపించే పెద్ద పాత్ర), ఈటీపీ ట్యాంకో (వ్యర్థజలాన్ని శుద్ధి చేసే ట్యాంకు) శుభ్రం చేయాలంటే ఎప్పుడో ఒకసారి మనిషి లోపలికి దిగక తప్పదు. పరవాడలోనైనా, జీడిమెట్లలోనైనా అంతే. అలాంటి రోజున నా మనసంతా ఆ మ్యాన్‌హోల్ దగ్గరే ఉంటుంది. భద్రతా విభాగంలోకి కొత్తగా వచ్చినవారి కోసం నేను పాటించే పద్ధతి రాస్తున్నాను.

మొదట, అసలు దిగాలా అని అడగండి. పైనుంచి నీళ్ల జెట్‌తో కడిగితే పోయే మడ్డికి పర్మిట్, అంటే లోపలికి దిగే అనుమతి పత్రం, ఇవ్వకండి.

దిగక తప్పదంటే, లోపలికి వచ్చే ప్రతి లైనునూ విడదీయించండి, లేదా బ్లైండ్ (పైపును పూర్తిగా మూసే ఇనుప బిళ్ల) వేయించండి. "వాల్వు కట్టేశాం సార్" అంటే ఒప్పుకోవద్దు, వాల్వులు లీకవుతాయి. నాకు ఎక్కువ భయం నైట్రోజన్ లైనంటే. దానికి రంగూ వాసనా లేవు. ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటేనే మనకు ఊపిరాడనట్టు అనిపిస్తుంది. నైట్రోజన్ పీల్చేటప్పుడు ఆ కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతూనే ఉంటుంది కాబట్టి, ఉక్కిరిబిక్కిరి కాకుండానే మనిషి కుప్పకూలతాడు. అజిటేటర్ (లోపల కలియతిప్పే రెక్క) మోటారు స్విచ్‌కు తాళం వేసి, తాళంచెవి దిగే మనిషి జేబులో పెట్టండి.

ఇక గ్యాస్ పరీక్ష. డిటెక్టర్‌ను బయట మంచి గాలిలో ఆన్ చేస్తే ఆక్సిజన్ 20.9 శాతం చూపించాలి. తర్వాత గొట్టం దించి పైన, మధ్యలో, అడుగున చూడండి. ప్రతిచోటా ఆగి, అంకె నిలకడగా ఉన్నాకే రాసుకోండి. ఆక్సిజన్ 19.5కు తగ్గకూడదు, 23.5 దాటకూడదు. మండే ఆవిర్లు ఎల్‌ఈఎల్‌లో (ఆవిరి గాలిలో అంటుకోగల కనీస మోతాదులో) 10 శాతం లోపే ఉండాలి. హైడ్రోజన్ సల్ఫైడ్ 10 పీపీఎంకు (పది లక్షల్లో పది వంతులకు) చేరితే దింపకండి. అది గాలికన్నా బరువు, మడ్డిని కదిపితే ఒక్కసారిగా పైకి వస్తుంది. అందుకే దిగిన మనిషి ఛాతీ దగ్గర కూడా ఒక డిటెక్టర్ ఉండాలి. కుళ్లిన గుడ్ల వాసన ఆగిపోయిందని ధైర్యపడకండి, 100 పీపీఎం దగ్గర ముక్కే పనిచేయడం మానేస్తుంది. ఆఫీసులో కూర్చుని నింపిన అంకెలున్న పర్మిట్ కనిపిస్తే చింపేయండి.

లోపలికి గాలి పంపే బ్లోయర్ పని ముగిసేదాకా ఆడాలి. లోపలికి ఆక్సిజన్ సిలిండర్ తెరవనివ్వకండి, అప్పుడు అంతా అంటుకోవడానికి చిన్న నిప్పురవ్వ చాలు. లోపల వాడే చేతిదీపం 24 వోల్టులు మించకూడదు; 2025 దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టంలోని 36ఏ సెక్షన్ పెట్టిన హద్దు అది.

అన్నిటికన్నా ముఖ్యం, మ్యాన్‌హోల్ దగ్గర నిలబడే మనిషి. ట్యాంకు మరణాల్లో ఎన్నో కాపాడబోయి దూకినవారివే. మన దగ్గర కాంట్రాక్టు కూలీలు తరచూ ఒకే ఊరివాళ్లు, అన్నదమ్ములూ బావామరుదులూ కలిసే వస్తారు. అందుకని దిగేవాడి బంధువును అక్కడ నిలబెట్టను. నిలబడేవాడితో, "తమ్ముడూ, లోపల ఎవరు పడిపోయినా నువ్వు దిగకు. కేక వెయ్యి, అలారం నొక్కు, వించ్ తిప్పు" అని చెబుతాను. ఆ మాటలు అతని చేత తిరిగి చెప్పిస్తాను. ట్రైపాడ్ వించ్ (మూడు కాళ్ల స్టాండుకు బిగించిన, తాడుతో పైకి లాగే చక్రం), హార్నెస్ (ఒంటికి కట్టే పట్టీలు) ముందే బిగించి ఉంటేనే ఈ మాటకు అర్థం. ఇసుక బస్తా కట్టి ఒకసారి పైకి లాగి చూడమనండి.

భోజనానికి పైకి వచ్చారంటే, మళ్లీ దిగే ముందు పరీక్ష మొదటినుంచీ చేయాలి. పని అయ్యాక తలలు లెక్కపెట్టి, దిగినవారి పేర్లతో సరిచూసి, అప్పుడే మూత బిగించమనండి.