రీమిక్స్ పాఠాలు – 3: బొమ్మ వాళ్లది, చప్పుడు మనది

కిందటి భాగంలో సినిమాను ఎంచుకుని ఫైలు దించుకున్నాం. ఈసారి దాని శబ్దం తీసేసి కొత్తది వేద్దాం. సాధనకు బ్లెండర్ ఫౌండేషన్ 2008లో విడుదల చేసిన 'బిగ్ బక్ బన్నీ' తీసుకోండి. సుమారు పది నిమిషాల యానిమేషన్. మాటలు లేవు కాబట్టి పెదాల కదలికతో పేచీ రాదు. అదే సంస్థ 2010లో తెచ్చిన 'సింటెల్‌'లో సంభాషణలున్నాయి, దాని జోలికి ఇప్పుడే వద్దు.

కుందేలు బొరియలోంచి బయటికొచ్చే చోటు నుంచి ఒక నిమిషం కత్తిరించండి. వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు కేడెన్‌లైవ్, షాట్‌కట్ రెండూ ఉచితమే, ఏదైనా సరే. ఆడియోను వీడియో నుంచి విడదీసి మ్యూట్ చేయండి, డిలీట్ మాత్రం చేయకండి. అసలు శబ్దం ఎక్కడ పెరిగింది, ఎక్కడ తగ్గిందన్నది ఆ ట్రాక్ మీద కనిపించే వేవ్‌ఫారమ్ (శబ్దం హెచ్చుతగ్గుల గీత) చూస్తే తెలిసిపోతుంది.

చాలామంది ముందు పాట పరిచేస్తారు. నన్నడిగితే అది తలకిందుల పని. మొదట అడుగుల చప్పుడు, తర్వాత గాలి, ఆకుల అలికిడి, అన్నిటికన్నా చివర సంగీతం. సంగీతం ముందే వచ్చిందంటే మిగతా శబ్దాలు వేయాలన్న ఆలోచనే రాదు. ఒకసారి అసలు సంగీతమే లేకుండా, సన్నటి హోరు ఒక్కటి పెట్టి చూడండి. హాయిగా ఒళ్లు విరుచుకునే కుందేలుకు ఏదో ముప్పు పొంచి ఉందనిపిస్తుంది.

ఇక లైసెన్స్. బిగ్ బక్ బన్నీది క్రియేటివ్ కామన్స్ అట్రిబ్యూషన్ 3.0, అంటే షరతుకు లోబడి అందరూ వాడుకోనిచ్చే లైసెన్స్. పేరు చెబితే చాలు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. చిక్కంతా మీరు తెచ్చే సంగీతంతోనే. దాని మీద 'నో డెరివేటివ్స్' (మార్చి పంచకూడదు) అని ఉంటే వదిలేయండి. బాణీలో ఒక్క స్వరం మార్చకపోయినా, కదిలే బొమ్మకు జత చేయడాన్నే ఆ లైసెన్స్ మార్పుగా లెక్కేస్తుంది. 'షేర్ అలైక్' ఉంటే మీ వీడియోనూ అదే లైసెన్స్‌తో వదలాలి. 'నాన్ కమర్షియల్' అంటే డబ్బు ఆశ వదులుకోవడమే.

క్రెడిట్ ఇలా రాయండి: "మూలం: బిగ్ బక్ బన్నీ, బ్లెండర్ ఫౌండేషన్, 2008, క్రియేటివ్ కామన్స్ అట్రిబ్యూషన్ 3.0. నిడివి తగ్గించి, శబ్దం మార్చాం." పక్కనే సినిమాకు, లైసెన్స్‌కు లింకులు. సంగీతానికి విడిగా ఇంకో లైను.

అభ్యాసం: అదే నిమిషానికి రెండు ట్రాకులు చేయండి. ఒకటి నవ్వించాలి, రెండోది భయపెట్టాలి. దృశ్యంలో ఒక్క కట్ కూడా కదపొద్దు, కట్ల పని నాలుగో భాగంలో.