జావా వర్చువల్ మెషీన్, 3వ పాఠం: హీప్‌కు హద్దు గీయడం

ప్రోగ్రామ్ సృష్టించే ఆబ్జెక్టులు ఉండే మెమరీ ప్రాంతమే హీప్. అవి అందులో ఎలా పుడతాయో గత పాఠంలో చూశాం. ఈసారి ఆ హీప్‌కు హద్దు గీద్దాం.

మనం ఏమీ చెప్పకపోతే వర్చువల్ మెషీన్ సాధారణంగా కంప్యూటర్ మెమరీలో నాలుగో వంతును హీప్ గరిష్ఠ పరిమితిగా పెట్టుకుంటుంది. 16 జీబీ ఉంటే 4 జీబీ అన్నమాట. దీన్ని మార్చేది ఎక్స్‌ఎంఎక్స్ ఆప్షన్. ముందు అడ్డగీత, పెద్ద ఎక్స్, చిన్న ఎం, చిన్న ఎక్స్, ఖాళీ వదలకుండా అంకె, చివర ఎంబీకి ఎం, జీబీకి జి. ఆ చివరి అక్షరం మరిచిపోతే 512ను 512 బైట్లనుకుంటుంది, ప్రోగ్రామ్ మొదలే కాదు. ఇది నయం, తప్పు వెంటనే తెలిసిపోతుంది. ఆప్షన్‌ను జార్ ఫైలు (ప్రోగ్రామ్‌ను కట్టగట్టిన ఫైలు) పేరు తర్వాత రాస్తేనే చిక్కు: అది ప్రోగ్రామ్‌కు ఆర్గ్యుమెంట్‌గా వెళ్తుంది, హద్దు మారదు, ఎర్రర్ కూడా కనిపించకపోవచ్చు.

ఇప్పుడు ఒక చిన్న ప్రోగ్రామ్ రాయండి. లూప్‌లో 1 ఎంబీ, అంటే 10,48,576 బైట్ల అరేను సృష్టించి లిస్టులో చేరుస్తూ, ప్రతిసారీ లెక్క ప్రింట్ చేయాలి. హద్దు 64 ఎంబీ పెట్టి నడపండి. అరవై దాకా వెళ్తుందనుకుంటాం. కానీ జావా 9 నుంచి మామూలు కంప్యూటర్లలో డిఫాల్టుగా వచ్చే జీ1 కలెక్టర్‌తో (వాడని ఆబ్జెక్టుల మెమరీని తిరిగి తీసుకునే భాగం) అందులో సగం దగ్గరే అవుటాఫ్‌మెమరీఎర్రర్ వస్తుంది! ఎందుకంటే జీ1 ఈ హీప్‌ను 1 ఎంబీ గదులుగా విడగొడుతుంది. సగం గదిని మించిన ఆబ్జెక్టుకు పూర్తి గదులే ఇస్తుంది. మన అరేకు హెడర్ (ఆబ్జెక్టు ముందు ఉండే దాని వివరాలు) కూడా తోడై ఒక గదిలో పట్టదు, రెండో గదిలోకి కొద్దిగా పొంగుతుంది. ఆ రెండో గదిలో మిగిలిన చోటు ఇంకెవరికీ దక్కదు.

ఎక్స్‌ఎంఎక్స్‌కు తోడుగా ఎక్స్‌ఎంఎస్ అనే ఆప్షన్ కూడా ఉంది, అది హీప్ ఆరంభ పరిమాణం. సర్వర్లలో ఈ రెండింటినీ సమానంగా పెట్టడం వాడుక.

ఒక్క మాట మాత్రం గట్టిగా పట్టుకోండి: ఈ హద్దు హీప్‌కే, ప్రాసెస్ మొత్తానికి కాదు. 64 బిట్ లినక్స్‌లో ఒక్కో థ్రెడ్ స్టాక్‌కు (ఆ థ్రెడ్ మెథడ్ కాల్స్‌కు వాడే మెమరీ) 1 ఎంబీ దాకా కేటాయింపు ఉంటుంది. క్లాసుల వివరాలుండే మెటాస్పేస్‌కు డిఫాల్టుగా పైహద్దే లేదు. 1 జీబీ మెమరీ హద్దున్న కంటైనర్‌లో (ప్రోగ్రామ్‌ను విడిగా నడిపే పెట్టె లాంటిది) హీప్‌కు 1 జీబీ ఇస్తే, హీప్ నిండేలోపే ఆపరేటింగ్ సిస్టమ్ ప్రాసెస్‌ను చంపేయవచ్చు. అప్పుడు జావా ఎర్రర్ ఉండదు, 137 అనే ఎగ్జిట్ కోడ్ మిగులుతుంది.

అభ్యాసం: అరే పరిమాణాన్ని సరిగ్గా 16 బైట్లు తగ్గించి మళ్లీ నడపండి. రెండు లెక్కలూ పక్కపక్కన రాసుకోండి.