యూనివర్సిటీ ల్యాబ్‌తో కలిసి పరిశోధన: ఒప్పందం ఎలా రాసుకోవాలి?

చిన్న కంపెనీలకు, యూనివర్సిటీ ల్యాబ్‌లకు మధ్య ఒప్పందాలు రాయించడం ఏళ్లుగా నా పని. పరిశోధన బాగానే సాగుతుంది, చెడేది కాగితం దగ్గరే.

1. మీ సమస్యను ఒక్క పేజీలో రాయండి. "కొత్త టెక్నాలజీ కావాలి" అంటే ఏ ప్రొఫెసరూ ఏమీ చేయలేరు. "ఉప్పునీటిలో పంపు ఇంపెల్లర్ మీద పూత ఆరు నెలలకే పొరలుగా లేచిపోతోంది" అని రాయండి, పాడైన ముక్క కూడా వెంట తీసుకెళ్లండి.

2. ల్యాబ్‌ను వెతకండి. పెద్ద పేరున్న సంస్థే కావాలని పట్టుబట్టకండి. పరికరం దగ్గర రోజూ నిలబడే పీహెచ్‌డీ విద్యార్థితో అరగంట మాట్లాడితే అంతా తెలిసిపోతుంది.

3. శాంపిల్ ఇచ్చే ముందే ఎన్‌డీఏ మీద, అంటే వివరాలు బయటపెట్టబోమనే గోప్యతా ఒప్పందం మీద, సంతకాలు చేయించండి.

4. ఫలితం మీద హక్కు ఎవరిదో తేల్చండి. ఇక్కడ మాత్రం తొందర వద్దు.

స్నేహంగా ఉన్నప్పుడు అందరూ "ఇద్దరిదీ ఉమ్మడి హక్కు" అని ఒక్క వాక్యం రాసేసి టీ తాగి లేస్తారు. దయచేసి అలా చేయకండి. మన పేటెంట్ల చట్టం 50వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, ఉమ్మడి యజమానుల్లో ఎవరికి వారు పేటెంట్‌ను వాడుకోవచ్చు, రెండోవారికి లెక్క చెప్పక్కర్లేదు. అదే మూడోవారికి లైసెన్సు ఇవ్వాలన్నా, తన వాటా అమ్మాలన్నా రెండోవారు ఒప్పుకోవాల్సిందే. ఫ్యాక్టరీ లేని యూనివర్సిటీకి దీనివల్ల పైసా రాదు. లైసెన్సు ఇద్దామనుకున్న కంపెనీ చేతులు కట్టేసినట్టవుతుంది. నేను చూసిన ఒక కేసులో కంపెనీ నడిపే యువకుడు యూనివర్సిటీ కమిటీ సంతకం కోసం ఎనిమిది నెలలు తిరిగేసరికి లైసెన్సు కొనేవాళ్లు వెళ్లిపోయారు. అతని ముఖం ఇంకా గుర్తుంది.

అమెరికాలో 1980 నాటి బే-డోల్ చట్టం ప్రభుత్వ నిధులతో చేసిన పరిశోధన మీద హక్కును యూనివర్సిటీలు ఉంచుకునే వీలు కల్పించింది. మన దగ్గర 2008లో రాజ్యసభలో అలాంటి బిల్లు పెట్టారు కానీ చట్టం కాలేదు. కాబట్టి మనల్ని కాపాడేది ఒప్పందమే. పెద్దవాళ్లకూ ఇక్కడ పొరపాట్లు జరుగుతాయి. కోవాగ్జిన్ టీకా పేటెంటు దరఖాస్తుల్లో, దాని తయారీలో భాగస్వామి అయిన ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్ పేరు లేదని 2024లో బయటపడ్డాక, పొరపాటున వదిలేశామని చెప్పి భారత్ బయోటెక్ ఆ పేరు చేర్పించింది.

నా పద్ధతి ఒకటే: యజమాని ఒక్కరే ఉండాలి. రెండోవారికి ఆదాయంలో వాటా, పరిశోధనకూ బోధనకూ వాడుకునే హక్కు రాతపూర్వకంగా ఇవ్వాలి. ప్రాజెక్టుకు ముందే ఎవరి దగ్గర ఏ పరిజ్ఞానం ఉందో జాబితా రాసి, ప్రతి పేజీ మీద ఇద్దరూ సంతకం పెట్టాలి. "తర్వాత మాట్లాడుకుందాం" అంటే నేనైతే ఆ ప్రాజెక్టు మొదలుపెట్టను.

5. పరిశోధన వివరాలు బయటపడకముందే, అంటే విద్యార్థి పేపర్ ప్రచురణకు పంపే ముందే, పేటెంటు కోసం ప్రొవిజనల్ (తాత్కాలిక) దరఖాస్తు వేయండి. పూర్తి వివరాలు ఇవ్వడానికి 12 నెలల గడువుంటుంది. విద్యార్థి పేపర్ చదివే కాన్ఫరెన్స్ తేదీ మొదటి మీటింగ్‌లోనే అడిగి, క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టుకోండి.