లైట్లు బిగించాక పాత గోల్ఫ్ కార్ట్ నీరసిస్తే: సమస్య - పరిష్కారం

సమస్య

36 వోల్టుల పాత గోల్ఫ్ కార్టుకు హెడ్‌లైట్లు, ఇండికేటర్లు, హారన్ బిగించి కాలనీ వీధుల్లో తిప్పడం మొదలుపెట్టిన కొన్ని నెలలకు, ఒక్క ఛార్జింగుతో వెళ్లే దూరం సగానికి పడిపోవడం, ర్యాంపు ఎక్కేటప్పుడు బండి ఈడ్చుకుపోవడం విజయవాడలోనూ, గుంటూరులోనూ నేను తరచుగా చూస్తున్నాను. టైర్లలో గాలి, పట్టేసిన బ్రేకు, వదులైన టెర్మినళ్లు మీరు ఇప్పటికే చూసుకుని ఉంటారు.

ముందు చేయవలసిన పరీక్ష

బండిలో వరుసగా కలిపి ఉన్న ఆరు వోల్టుల బ్యాటరీలు ఆరింటి వోల్టేజీనీ విడివిడిగా కొలవాలి. అయిదు నిమిషాల ఈ పనిని వదిలేసి, మోటారు వేగాన్ని అదుపు చేసే కంట్రోలర్ మార్చి డబ్బు పోగొట్టుకున్నవారు ఇప్పటికీ వస్తూనే ఉన్నారు. ఛార్జర్ తీసిన వెంటనే మొత్తం 38 వోల్టులు చూపినంత మాత్రాన అన్నీ బాగున్నట్లు కాదు. బండిలో మనుషులను కూర్చోబెట్టి, ఒకరు ర్యాంపు ఎక్కిస్తుండగా మరొకరు కొలిచినప్పుడు, నాలుగు బ్యాటరీలు 5.7 వోల్టుల దరిదాపుల్లో నిలబడి రెండు మాత్రం 5 వోల్టుల కిందికి జారితే తప్పు దొరికినట్లే.

దాగి ఉన్న కారణం

లైట్లకు కావలసిన 12 వోల్టులను ఆ రెండింటి నుంచే తీసి ఉంటారు. ఆరు వోల్టుల బ్యాటరీలు రెండు కలిస్తే పన్నెండు అవుతుంది గనుక ఇది సులువైన దారిగా తోస్తుంది. అయితే 55 వాట్ల హాలోజన్ బల్బులు రెండు కలిసి దాదాపు 9 ఆంపియర్లు లాగుతాయి. రోజూ రెండు గంటలు వెలిగితే 18 ఆంపియర్-అవర్లు ఆ రెండింటి నుంచే అదనంగా ఖర్చవుతాయి. ఛార్జర్‌కు తెలిసేది ఆరింటి మొత్తం వోల్టేజీ ఒక్కటే కాబట్టి, తక్కిన నాలుగూ నిండి వోల్టేజీ పెరగగానే అది ఆగిపోతుంది. ఈ రెండూ ప్రతిరోజూ కొంత వెలితితోనే మిగిలిపోయి, వాటి ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది. పైగా, అతిగా ఛార్జయ్యే ఆ నాలుగే నీళ్లు ఎక్కువగా తాగుతాయి, అందుచేత చాలామంది మంచివాటినే చెడ్డవనుకుని తీసేస్తారు. గుంటూరులోని ఒక విద్యాసంస్థ బండికి నేను ఆరు బ్యాటరీలూ కొత్తవి వేసి, లైట్ల తీగను మాత్రం పాత చోటనే తిరిగి కలిపాను. ఏడాది తిరగకముందే ఆ బండి అదే జబ్బుతో మళ్లీ వచ్చింది. వారికి జరిగిన ఆ నష్టానికి నా తొందరపాటే కారణం.

పరిష్కారం

ఆ తీగలను పూర్తిగా తొలగించి, 36 వోల్టులను 12కు తగ్గించే డీసీ-డీసీ కన్వర్టర్ పెట్టాలి. దానికి ఇచ్చే కరెంటును మొత్తం బ్యాటరీల వరుస రెండు చివరల నుంచి తీసుకుని, పాజిటివ్ దగ్గరే ఫ్యూజు వేసి, తాళంచెవి బయటికి తీయగానే ఆగిపోయేలా రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్చు) కలపాలి. ఛాసిస్‌ను నెగటివ్‌గా వాడకుండా లైట్లకు రెండో తీగను విడిగా లాగాలి.

తర్వాత నీరసించిన రెండింటినీ వరుస నుంచి విడదీసి, 12 వోల్టుల ఛార్జర్ పెట్టి, గంటకొకసారి యాసిడ్ సాంద్రతను కొలిచే హైడ్రోమీటరుతో చూస్తూ, వరుసగా మూడుసార్లు ఒకే రీడింగు వచ్చేదాకా ఛార్జ్ చేయాలి. 1.265కు చేరితే అవి బతికినట్లే; బ్యాటరీలోని ఒక సెల్ (గది) మిగతావాటికంటే 0.050 వెనుకబడితే ఆ బ్యాటరీని మార్చక తప్పదు. మే నెలలో మన ఎండలకు వేడెక్కిన యాసిడ్ రీడింగును తక్కువగా చూపుతుంది కాబట్టి, 27 డిగ్రీల పైన ప్రతి 5 డిగ్రీలకు దాదాపు 0.004 కలుపుకోవాలి.

బరువు మీద కూడా ఆరు బ్యాటరీలూ గట్టిగా, సమానంగా నిలబడితేనే సోలెనాయిడ్ (మోటారుకు కరెంటు కలిపే స్విచ్చు), మోటారు బ్రష్‌ల వైపు చూడండి. అటువంటి బండ్లు నా దగ్గరకు వచ్చింది బహు తక్కువ.